పీహెచ్‌డీ సీటు నుంచి సొంత ల్యాబ్ దాకా: కాగ్నిటివ్ న్యూరోసైన్స్‌లో మొదటి పదేళ్లు ఎలా నడపాలి

ఆలోచన, జ్ఞాపకం, భాష లాంటివి మెదడులో ఎలా నడుస్తాయో చూసేది కాగ్నిటివ్ న్యూరోసైన్స్. ఇంజనీరింగ్ నుంచి ఈ రంగంలోకి వచ్చేవారికి ప్రోగ్రామింగ్ వస్తుంది, ప్రయోగం డిజైన్ చేయడం రాదు. సైకాలజీ నుంచి వచ్చేవారికి ప్రయోగం తెలుసు, సిగ్నల్ ప్రాసెసింగ్ అంటే బెరుకు. మెడిసిన్, లైఫ్ సైన్సెస్ వాళ్లకు మెదడు నిర్మాణం కొట్టిన పిండి, స్టాటిస్టిక్స్ దగ్గర తడబాటు. ఎవరి వెలితి వారిదే కాబట్టి ఇక్కడ ఎవరూ వెనకబడి మొదలుపెట్టరు. అందరినీ ఒకేలా ఇరుకున పెట్టేది కాలం. ఫెలోషిప్ డబ్బుకు ఒక గడువు, థీసిస్‌కు ఇంకో గడువు, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) గ్రాంట్లకు వయసు పరిమితులు, ఎథిక్స్ అనుమతికి నెలల నిరీక్షణ. వీటన్నిటినీ ముందే ఒక కాగితం మీద పెట్టుకుని, ఆ మధ్యలో మీ చేత్తో శుభ్రమైన డేటా ఎలా తీయాలో నేర్చుకోవడమే ఈ పదేళ్ల పని.

మొదటి మెట్టు: తేదీలను వెనక నుంచి లెక్కపెట్టండి

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. మహిళలకు, 40 శాతం మించిన వైకల్యం ఉన్నవారికి ఇంకో 2 ఏళ్ల సడలింపు ఉంది. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. నెట్ ద్వారా వచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొదటి 2 ఏళ్లు నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ ఫెలోషిప్) మారాక 3 ఏళ్లు 42,000. 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రేట్లు ఇవి, ఇంటి అద్దె భత్యం వేరు.

ఇక్కడొక మెలిక ఉంది. రెండూ కలిపితే డబ్బు 5 ఏళ్లు, గడువు 6 ఏళ్లు. ఆ ఆరో ఏడు జీతం లేకుండా థీసిస్ రాయాల్సి వచ్చినవాళ్లు చాలామంది. కాబట్టి థీసిస్ సమర్పించే తేదీని నాలుగున్నరేళ్ల దగ్గర పెట్టుకుని అక్కడి నుంచి వెనక్కి రండి. రాయడానికి, సినాప్సిస్ (థీసిస్ సారాంశం) సెమినార్‌కు 8 నెలలు. అంటే చివరి ప్రయోగం డేటా మూడు సంవత్సరాల పది నెలలకు చేతిలో ఉండాలి. తల మీద టోపీ పెట్టి మెదడు విద్యుత్ సంకేతాలను చదివే ఈఈజీ ప్రయోగం ఒక్కోదానికి డిజైన్, పైలట్ (చిన్న ముందస్తు ప్రయోగం), రికార్డింగ్, విశ్లేషణ కలిపి 9 నుంచి 12 నెలలు పడుతుంది. మూడు ప్రయోగాలు చేయాలంటే మొదటిది మొదటి సంవత్సరం ముగిసేసరికే మొదలవ్వాలి. దానికి ఎథిక్స్ దరఖాస్తు కోర్స్‌వర్క్ పూర్తి కాకముందే, ఏడెనిమిది నెలల దగ్గర వెళ్లిపోవాలి. కోర్స్‌వర్క్ అయ్యాక చూద్దాం అనుకున్నవారు అక్కడే ఆరు నెలలు పోగొట్టుకుంటారు.

రెండో మెట్టు: ల్యాబ్ ఎంపిక

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్, ఐఐఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ మన ఊళ్లోనే ఉన్నాయి. బయటికి వెళ్తే 2002లో మొదలైన అలహాబాద్ యూనివర్సిటీ బిహేవియరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్, మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, బెంగళూరు ఐఐఎస్‌సీ న్యూరోసైన్స్ సెంటర్, నిమ్హాన్స్, ఐఐటీ గాంధీనగర్, ఐఐటీ కాన్పూర్. ప్రవేశాలకు గేట్ హ్యుమానిటీస్ పేపర్‌లోని సైకాలజీ, యూజీసీ నెట్, సీఎస్‌ఐఆర్ నెట్, జాయింట్ ఎంట్రన్స్‌లు, ఒక్కో సంస్థ సొంత పరీక్ష ఇలా రకరకాలు. ఏది ఎక్కడ చెల్లుతుందో ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, పాత సమాచారాన్ని నమ్మకండి.

సంస్థ పేరుకన్నా గైడ్‌నూ ఆ ల్యాబ్ విద్యార్థులనూ అడగాల్సిన ప్రశ్నలు ముఖ్యం. యంత్రం ఎవరిది? ల్యాబ్ సొంత ఈఈజీనా, నలుగురు పంచుకునేదా? ఎంఆర్‌ఐ అయితే పరిశోధన స్కానరా, ఆస్పత్రి స్కానరా? ఆస్పత్రిదైతే రోగులదే ముందు వంతు, అదే న్యాయం కూడా. మీకు సాయంత్రాలో ఆదివారాలో దొరుకుతాయి, అవీ ఎమర్జెన్సీ కేసు వస్తే రద్దవుతాయి. గత ముగ్గురు విద్యార్థులకు థీసిస్ ఎన్నేళ్లు పట్టింది? వారి మొదటి పేపర్‌లో మొదటి పేరు ఎవరిది? ల్యాబ్‌లో విశ్లేషణ కోడ్ ఒకరి నుంచి ఒకరికి ఎలా అందుతోంది? ఈ నాలుగింటికీ సూటిగా జవాబు వచ్చే చోట చేరండి. జవాబు దాటేస్తే, గైడ్ ఎంత పేరున్నవారైనా ఇంకో ల్యాబ్ చూసుకోవడం మంచిది.

వీలైతే చేరే ముందు రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేయండి. అదీ కుదరకపోతే 2020 నుంచి ఆన్‌లైన్‌లో నడుస్తున్న న్యూరోమ్యాచ్ అకాడమీ వేసవి కోర్సు కంప్యుటేషన్ వైపు పునాది వేస్తుంది.

మూడో మెట్టు: ప్రశ్న

మంచి ప్రశ్నకు ఇక్కడి నేలే ఇచ్చిన ఉదాహరణ ఒకటుంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (తీవ్ర మతిమరుపు జబ్బు) రోగుల రికార్డులు పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. అంతకుముందు ఈ విషయంపై వచ్చిన పరిశోధనలను వెంటాడిన సందేహం, ఆ ద్విభాషులు వలస వచ్చినవారు కావడం. తేడా భాషల వల్ల వచ్చిందా, వలస వల్లనా అని తేల్చడం కష్టం. హైదరాబాద్‌లో తెలుగు, దక్కనీ ఉర్దూ, ఇంగ్లిష్ ఇక్కడి జనం నోళ్లలో పుట్టి పెరిగినవే కనుక ఆ చిక్కు తగ్గింది. చదువురాని వారిలోనూ ఆ తేడా కనిపించడంతో చదువు వల్ల వచ్చిందేమోనన్న అనుమానమూ పలచబడింది. మీ ఊరి పరిస్థితి ఏ సందేహాన్ని తీర్చగలదో చూడటం అంటే ఇదే. విదేశీ ప్రయోగాన్ని తెచ్చి తెలుగు పదాలతో మళ్లీ చేయడం దాని ముందు చాలా చిన్న పని.

తెలుగుతో పనిచేయాలనుకుంటే మాత్రం కొన్ని సాంకేతిక గోతులు ముందే తెలుసుకోండి. ఇంగ్లిష్‌లో పదం పొడవును అక్షరాలతో లెక్కిస్తారు. తెలుగులో ‘స్త్రీ’ చదివేవారికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు యూనికోడ్ సంకేతాలు. పైథాన్‌లో మామూలుగా పొడవు అడిగితే 6 అనే చెబుతుంది. అలా సరిచూసిన పదాల జాబితా నిజానికి సరితూగదు. అక్షరాల లెక్క, ఒత్తుల లెక్క, తెర మీద పదం వెడల్పు పిక్సెళ్లలో, ఈ మూడూ విడివిడిగా కొలవండి. ప్రయోగం నడిపే సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు ఒత్తులను విడగొట్టి చూపిస్తుంది. అందుకని ప్రతి పదాన్నీ ఒకే ఫాంట్, ఒకే సైజులో బొమ్మగా తయారుచేసి చూపించడమే క్షేమం. తెలుగు పదాల వాడుక ఎంత తరచో చెప్పే జాబితాను ఎక్కడి నుంచో తీసుకునే ముందు, అది ఏ రకం రచనల నుంచి వచ్చిందో చూడండి. వార్తల నుంచి తీసిన జాబితాలో ‘ప్రభుత్వం’ పైన ఉంటుంది, ‘గరిటె’ ఎక్కడో అడుగున ఉంటుంది. కనీసం 30 మందితో 1 నుంచి 7 స్కేలు మీద పరిచయ స్థాయి రేటింగ్ తీసుకుని జతచేస్తే రివ్యూయర్ ముందు నిలబడగలరు.

నాలుగో మెట్టు: ఎంతమంది కావాలి

‘ఇంతకుముందు పేపర్లలో 20 మందిని తీసుకున్నారు, మేమూ అంతే’ అనే జవాబు ఇప్పుడు చెల్లదు. ఒకే వ్యక్తిలో రెండు పరిస్థితులను పోల్చే ప్రయోగంలో ఎఫెక్ట్ సైజు (తేడా ఎంత పెద్దదో చెప్పే కొలత) 0.5 అయితే, 80 శాతం పవర్‌కు, అంటే ఉన్న తేడాను వందలో 80 సార్లు పట్టుకోవడానికి, 34 మంది కావాలి. అదే 0.3 అయితే 90 మంది. రెండు వేర్వేరు గుంపులను పోలిస్తే 0.5కే గుంపుకు 64 మంది. కోరిలేషన్ (రెండు కొలతల మధ్య సంబంధం) 0.3ను పట్టుకోవాలన్నా 85 మంది దాకా ఉండాలి. ఈ అంకెలు చూశాక ‘డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) ఉన్నవారు 15 మంది, లేనివారు 15 మంది’ లాంటి ప్లాన్ ఎందుకు గట్టెక్కదో అర్థమవుతుంది.

ప్రచురించిన పేపర్లలో ఎఫెక్ట్‌లు ఉన్నదానికంటే పెద్దవిగా కనిపిస్తాయి. చిన్న శాంపిళ్లలో అనుకోకుండా పెద్దగా వచ్చినవే ఎక్కువగా అచ్చయ్యాయి. కాబట్టి పాత పేపర్‌లోని అంకెను అలాగే తీసుకోక దాన్ని సగానికో మూడింట రెండు వంతులకో తగ్గించి లెక్కవేయండి. ఈఈజీలో 10 నుంచి 20 శాతం మంది డేటా కదలికల వల్లో సాంకేతిక లోపం వల్లో పనికిరాకుండా పోతుంది. 34 మంచి రికార్డింగులు కావాలంటే 40 మందిని పిలవాలి. మెదడు కొలతలకూ వ్యక్తుల మధ్య తేడాలకూ సంబంధం వెతకాలన్న కోరిక ఉంటే సొంత డేటా ఆశ వదిలేసి బహిరంగ డేటా వైపు వెళ్లండి. ఆ రకం ప్రశ్నలకు వేలమంది కావాలని 2022లో నేచర్ పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ చూపింది.

ఐదో మెట్టు: ఎథిక్స్ అనుమతి, తెలుగు అంగీకార పత్రం

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు దరఖాస్తులను మూడు దారుల్లో పంపుతాయి: సమీక్ష అక్కర్లేనివి, త్వరిత సమీక్ష, పూర్తి కమిటీ సమీక్ష. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లతో చేసే ఈఈజీ చాలాచోట్ల త్వరిత సమీక్షకు వెళ్తుంది. పిల్లలు, రోగులు ఉంటే పూర్తి కమిటీయే. మొత్తం ప్రక్రియకు రెండు నుంచి నాలుగు నెలలు పక్కన పెట్టుకోండి. విదేశీ నిధులో, విదేశీ భాగస్వామ్యమో ఉంటే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాల్సి రావచ్చు. దానికి ఇంకా ముందుగా కదలాలి.

దరఖాస్తు వెనక్కి రావడానికి తరచుగా కనిపించే కారణం తెలుగు అంగీకార పత్రమే. ఇంగ్లిష్ పత్రాన్ని గ్రాంథికంగా అనువదించి పెడతారు, చదివినవారికి ఏమీ అర్థం కాదు. ‘విద్యుత్ మస్తిష్క లేఖనం’ అని రాస్తే తలలోకి కరెంటు పంపుతారనుకుని భయపడతారు. ఇలా రాయండి: ‘మీ తల మీద ఒక టోపీ పెడతాం. మెదడు పనిచేసేటప్పుడు పుట్టే చాలా చిన్న విద్యుత్ సంకేతాలను అది చదువుతుంది. మీ తలలోకి కరెంటు ఏమీ వెళ్లదు. జెల్ రాస్తాం, అయ్యాక తలస్నానం చేయాల్సి ఉంటుంది. మీకు ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు ఆపేయవచ్చు.’ తర్వాత అసలు పత్రం చూడని వ్యక్తితో దాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్పించి పోల్చండి. చదవలేనివారికి పూర్తిగా చదివి వినిపించాలి, ల్యాబ్‌తో సంబంధం లేని సాక్షి సంతకం ఉండాలి. పనివాళ్లను పిలిస్తే ఆ పూట కూలి, ప్రయాణ ఖర్చు లెక్కగట్టి ఇవ్వండి, ఆ మొత్తాన్ని దరఖాస్తులోనే రాయండి.

అనుమతి కోసం ఎదురుచూసే నెలల్లో మెదడు డేటాను అందరికీ ఉచితంగా ఇచ్చే ఓపెన్‌న్యూరో సైట్‌లో మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న ఒక డేటాసెట్ దించుకుని, మీ విశ్లేషణ మొత్తాన్ని దాని మీద నడిపి పెట్టుకోండి. మీ డేటా వచ్చేనాటికి కోడ్ సిద్ధంగా ఉంటుంది, ఆ డేటాతోనే ఒక చిన్న పేపర్ కూడా రావచ్చు.

ఆరో మెట్టు: ఈఈజీ రికార్డింగ్

ఇక్కడ తొందరపడకండి. మొదటి ఏడాది చేతికి వచ్చిన అలవాట్లే మీ తర్వాతి పదేళ్ల డేటా నాణ్యతను నిర్ణయిస్తాయి.

మనుషులను పిలిచే ముందు టైమింగ్ చూసుకోండి. 60 హెర్ట్జ్ తెర మీద ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. బొమ్మ వచ్చిందని కంప్యూటర్ పంపే ట్రిగ్గర్‌కూ, తెర మీద నిజంగా వెలుగు మారిన క్షణానికీ తేడా ఉంటుంది. తెర మూలలో ఫోటోడయోడ్ (వెలుగును పట్టే సెన్సర్) అంటించి, 200 ట్రయల్స్ (ఒక్కోసారి బొమ్మ చూపడం ఒక ట్రయల్) నడిపి, ఆ తేడా కొలవండి. అది ఎప్పుడూ ఒకేలా, ఉదాహరణకు 24 మిల్లీసెకన్లు ఉంటే విశ్లేషణలో తీసేయవచ్చు. ఒకసారి 10, ఒకసారి 40 అని ఊగుతుంటే మాత్రం సగటు తీసినప్పుడు మొదటి 200 మిల్లీసెకన్ల అలలు చెదిరి, చిన్నవైపోతాయి. దాన్ని తర్వాత బాగుచేయలేరు. తెర సెట్టింగులు మార్చిన ప్రతిసారీ, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మళ్లీ కొలవాల్సిందే.

తర్వాత గది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ నాయిస్ (అక్కర్లేని సంకేతం) రికార్డింగ్‌లోకి చొరబడుతుంది. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. ఫోన్ చార్జర్లు, టేబుల్ ఫ్యాన్, ట్యూబులైటు గది బయట ఉండాలి. యాంప్లిఫయర్‌కూ కంప్యూటర్లకూ యూపీఎస్ తప్పదు. ఏసీ 22 నుంచి 24 డిగ్రీల మధ్య పెట్టండి. చెమట పడితే సిగ్నల్ నెమ్మదిగా పైకీ కిందికీ జారుతుంది, ఏప్రిల్, మే నెలల రికార్డింగుల్లో ఇది ఎక్కువ.

ఇక తల. నూనె రాసుకున్న తల మీద ఎలక్ట్రోడ్ పట్టదు. ముందు రోజు సాయంత్రమే మెసేజ్ పంపండి: రాత్రి గానీ ఉదయం గానీ షాంపూతో తలస్నానం చేయాలి, కండిషనర్ వద్దు, నూనె వద్దు, జుట్టు పూర్తిగా ఆరాక రావాలి. తడి జుట్టుతో వస్తే పక్కపక్క ఎలక్ట్రోడ్‌ల మధ్య తేమ వంతెనలా కలిసిపోయి రెండూ ఒకే సంకేతాన్ని చూపిస్తాయి. జెల్ మరీ ఎక్కువ పోసినా అదే జరుగుతుంది. పొడవు జుట్టు ఉన్నవారికి పూలు, క్లిప్పులు తీయించి, క్యాప్ పెట్టాక జుట్టును కింది నుంచి వదులుగా ముందుకు తీయండి. ముడి గానీ జడ గానీ క్యాప్ కింద ఉండిపోతే వెనక భాగం ఎలక్ట్రోడ్‌లు పైకి లేస్తాయి. చూపుకు సంబంధించిన సంకేతాలు వచ్చేది అక్కడి నుంచే.

తల చుట్టుకొలత కొలిచి 54, 56, 58 సెంటీమీటర్ల క్యాప్‌లలో సరిపోయేది తీసుకోండి. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక బుడిపె దాకా, ఒక చెవి ముందు నుంచి రెండో చెవి ముందు దాకా టేపుతో కొలిచి, రెండు కొలతల సగాలు కలిసే చోట నడినెత్తి ఎలక్ట్రోడ్ ఉండాలి. కంటి అంచనాతో పెడితే ఒక్కొక్కరికి ఒక్కో సెంటీమీటరు తప్పుతుంది. మొద్దు సూది సిరంజితో జుట్టును పాయ తీసి, చర్మాన్ని మెల్లగా రుద్ది, జెల్ వేయండి. మామూలు ఎలక్ట్రోడ్‌లకు ఇంపీడెన్స్ (విద్యుత్ నిరోధం) 10 కిలోఓమ్‌ల లోపు రావాలి. ముందు మిగతావన్నీ పోల్చుకునే గ్రౌండ్, రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌లు సరిచేయండి. అవి బాగాలేకపోతే మిగతా ఏవీ కిందికి దిగవు. 64 ఛానెళ్ల క్యాప్‌కు కొత్తలో గంట పడుతుంది, పదిమంది అయ్యాక 35 నిమిషాలకు వస్తుంది.

టాస్క్ గంట దాటనివ్వకండి, ప్రతి 6, 7 నిమిషాలకు విరామం ఇవ్వండి. నిద్ర వస్తే 10 హెర్ట్జ్ ఆల్ఫా అలలు తెర నిండా కనిపిస్తాయి. అది చూడగానే ఆపి, నీళ్లిచ్చి, కాసేపు మాట్లాడించండి. రెప్ప వేయొద్దని చెప్పకండి, ఆ ఆదేశాన్ని గుర్తుపెట్టుకోవడమే వారికి రెండో పనై ఫలితాల్లోకి వస్తుంది. ట్రయల్స్ మధ్య రెప్ప వేసుకునే సమయం ఇస్తే చాలు. ప్రతి సెషన్‌కూ ఒక కాగితం పెట్టి తేదీ, క్యాప్ సైజు, చెడిపోయిన ఛానెల్, కరెంటు పోయిన సమయం, దగ్గు వచ్చిన బ్లాక్ అన్నీ రాయండి. ఎనిమిది నెలల తర్వాత 17వ వ్యక్తి డేటా ఎందుకు వింతగా ఉందో చెప్పేది ఆ కాగితమే.

తల కడుక్కునే చోటు, శుభ్రమైన తువ్వాలు, షాంపూ, హెయిర్ డ్రయర్, దువ్వెన ఉండాలి. జెల్ తలతో హాస్టల్ దాకా నడిచిన అమ్మాయి తన స్నేహితులను మీ ప్రయోగానికి పంపదు.

ప్రాసెసింగ్‌లో కొత్తవారు చేసే పెద్ద తప్పు ఫిల్టర్‌ది. డేటా ‘నునుపుగా’ కనిపించాలని హైపాస్ (నెమ్మదైన మార్పులను తీసేసే ఫిల్టర్) 1 హెర్ట్జ్ పెడతారు. దానివల్ల పదమో బొమ్మో కనిపించాక 300, 400 మిల్లీసెకన్ల దగ్గర వచ్చే పీ300, ఎన్400 లాంటి నెమ్మదైన అలలు కుంచించుకుపోయి, వాటికి ముందు లేని అల ఉన్నట్టు కనిపిస్తుంది. సరైన పద్ధతి ఇది: కంటి రెప్పల సంకేతాన్ని వేరుచేసే ఐసీఏ అనే లెక్క నడపడానికి మాత్రం 1 హెర్ట్జ్ ఫిల్టర్ చేసిన కాపీ వాడండి. అందులో వచ్చిన లెక్కలను 0.1 హెర్ట్జ్ ఫిల్టర్ చేసిన అసలు డేటాకు వర్తింపజేయండి.

ఎంఆర్‌ఐ అయితే

భద్రత జాబితాను మన వాళ్లకు తగినట్టు మీరే మళ్లీ రాయాలి. బయటి దేశాల ఫారంలో మంగళసూత్రం, మెట్టెలు, ముక్కుపుడక, మొలతాడుకున్న తాయెత్తు, చీరకు పెట్టిన పిన్నీసు, జాకెట్ హుక్కులు, జరీ అంచు ఉండవు. వీటన్నిటినీ పేరుపేరునా అడగండి. మంగళసూత్రం తీయాల్సి వస్తుందని స్కానర్ తలుపు దగ్గర చెప్పడం మర్యాద కాదు. పిలిచేటప్పుడే ఫోన్లో చెప్పండి. ఇష్టం లేదంటే ఒత్తిడి చేయకుండా ధన్యవాదాలు చెప్పి వదిలేయండి. ఏళ్ల తరబడి బిగుసుకుపోయి రాని మెట్టెల విషయం స్కానర్ టెక్నీషియన్ నిర్ణయానికే వదలాలి. అందరికీ లోహం లేని కాటన్ దుస్తులు ఇవ్వండి.

మెదడులో రక్తప్రవాహ స్పందన 5, 6 సెకన్లకు గానీ శిఖరానికి చేరదు. టాస్క్ డిజైన్ దాన్ని బట్టే ఉండాలి: బ్లాకులైతే 15 నుంచి 20 సెకన్లు, విడి ఘటనలైతే వాటి మధ్య విరామాలు మారుతూ ఉండాలి. డేటాను మొదటి రోజు నుంచే బిడ్స్ (మెదడు డేటా ఫైళ్లను సర్దే ప్రామాణిక పద్ధతి) ప్రకారం సర్దండి. స్కానర్ నుంచి ఫైళ్లు అదే రోజు రెండు చోట్ల కాపీ కావాలి, ఎందుకంటే ఆస్పత్రి సర్వర్లు జాగా కోసం పాతవి తుడిచేస్తాయి.

ఏడో మెట్టు: విశ్లేషణ, పేపర్

మన రంగానికి తలవంపులు తెచ్చిన తప్పులు తెలిసి ఉండాలి. 2009లో చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, బహుళ పరీక్షల దిద్దుబాటు (వేల పరీక్షలు ఒకేసారి చేసినప్పుడు యాదృచ్ఛికంగా వచ్చే ఫలితాలను తగ్గించే లెక్క) చేయకపోతే ఆ చేప మెదడులో కూడా ‘చురుకుదనం’ కనిపిస్తుందని చూపించారు. 2016లో స్వీడన్, బ్రిటన్ పరిశోధకులు, చాలామంది వాడే క్లస్టర్ (పక్కపక్క బిందువులను గుంపుగా చూసే) పద్ధతుల్లో తప్పుడు ఫలితాల రేటు కొన్ని సెట్టింగుల్లో 70 శాతం దాకా వెళ్లగలదని తేల్చారు. 2020లో ఒకే డేటాను 70 బృందాలకు ఇచ్చి 9 పరికల్పనలు పరీక్షించమంటే, ఏ రెండు బృందాలూ ఒకే దారిలో వెళ్లలేదు.

ఇంకోటి చాలా సాధారణం: ఒక గుంపులో ఫలితం వచ్చింది, రెండో గుంపులో రాలేదు, కాబట్టి రెండు గుంపులూ వేరు అని రాయడం. రెండింటి మధ్య తేడాను నేరుగా పరీక్షించనిదే ఆ మాట అనకూడదు. 2011లో జరిగిన ఒక పరిశీలనలో ఈ తప్పు చేసే అవకాశం ఉన్న 157 న్యూరోసైన్స్ పేపర్లలో 79 తప్పే చేశాయి. మీ మొదటి డ్రాఫ్ట్‌లో దీనికోసమే ఒకసారి వెతకండి.

ఇందుకే డేటా తీయకముందే పరికల్పన, శాంపిల్, ఏ ఎలక్ట్రోడ్‌లు, ఏ సమయం, ఎవరిని తీసేస్తారు అన్నది ఓఎస్‌ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) సైట్‌లో రిజిస్టర్ చేయండి. రిజిస్టర్డ్ రిపోర్ట్ ఇంకా మంచిది. అందులో పత్రిక మీ ప్లాన్ చూసి ముందే అంగీకారం ఇస్తుంది, ఫలితం శూన్యమైనా అచ్చు వేస్తుంది. కాకపోతే ఆ సమీక్షకు నెలలు పడుతుంది కనుక మొదటి ప్రయోగానికి పెట్టుకోకండి, రెండోదానికి పెట్టుకోండి.

రచయితల క్రమం ప్రయోగం మొదలవకముందే ఈమెయిల్‌లో రాసుకోవాలి. నోటిమాట మీద ఉంచితే మనసులు విరిగేది అక్కడే. పత్రిక ఎంచుకునేటప్పుడు ఫీజు ముందే చూడండి. ఆ ఫీజులు ఎంత దూరం వెళ్లాయంటే, 2023లో న్యూరోఇమేజ్ సంపాదకులందరూ ఒకేసారి రాజీనామా చేసి ఇమేజింగ్ న్యూరోసైన్స్ అనే కొత్త పత్రిక పెట్టుకున్నారు. ఫీజు మాఫీ కోసం సంపాదకుడికి పేపర్ పంపేటప్పుడే రాయాలి, అంగీకారం వచ్చాక రాస్తే ఆలస్యమవుతుంది. పేపర్ పంపిన రోజే ప్రిప్రింట్ (సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో అందరికీ పెట్టే ప్రతి) పెట్టండి. పోస్ట్‌డాక్ దరఖాస్తుకు చూపించడానికి అదైనా ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: పోస్ట్‌డాక్

థీసిస్ సమర్పించడానికి ఏడాది, ఏడాదిన్నర ముందే ఉత్తరాలు మొదలుపెట్టండి. ఉత్తరం 200 మాటలు దాటకూడదు. వారి ఒక పేపర్‌లో మీకు తేలని ప్రశ్న ఏమిటి, దాన్ని తేల్చే ఒక ప్రయోగం, మీకు చేతనైన పద్ధతి, మీ కోడ్ గానీ ప్రిప్రింట్ గానీ లింకు, ఎప్పుడు చేరగలరు, అంతే. ‘గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ అద్భుత పరిశోధన’ అని మొదలయ్యే ఉత్తరాలు చదవకుండానే పోతాయి. జవాబు లేకపోతే మూడు వారాలకు ఒక్కసారి గుర్తుచేయండి. పీహెచ్‌డీలో ఈఈజీ చేసి ఉంటే పోస్ట్‌డాక్‌లో ఎంఆర్‌ఐ గానీ కంప్యుటేషనల్ మోడలింగ్ గానీ జతచేసే ల్యాబ్‌కు వెళ్లండి. అదే పద్ధతి, అదే ప్రశ్న కొనసాగిస్తే మూడేళ్ల తర్వాత మీ గైడ్ పనికీ మీ పనికీ తేడా చెప్పలేకపోతారు.

గ్రాంట్ల గడువులు వేరువేరు లెక్కల మీద నడుస్తాయి. యూరప్‌లో మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ అయ్యాక 8 ఏళ్ల లోపు పరిశోధన అనుభవమే ఉండాలి, చేరబోయే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండకూడదు. అంటే ఆ దేశానికి ముందే వెళ్లి చేరిపోయి తర్వాత రాద్దామంటే అర్హత పోవచ్చు. అమెరికాలో ఎన్‌ఐహెచ్ కే99 గ్రాంట్‌కు పౌరసత్వం అక్కర్లేదు గానీ పోస్ట్‌డాక్ అనుభవం 4 ఏళ్లు దాటకూడదు. మన దేశంలోనే ఉండాలనుకుంటే నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ 2 ఏళ్లు, ఇండియా అలయన్స్ ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ 5 ఏళ్లు. ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్‌గా చేరితే 58,000 నుంచి 67,000 దాకా మూడు మెట్ల జీతం.

తిరిగి రావాలనుకునేవారు వయసు చూసుకోవాలి. ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీకి జనరల్ కేటగిరీలో 32 ఏళ్లు పరిమితి, రామానుజన్ ఫెలోషిప్‌కు 40. 25కు పీహెచ్‌డీలో చేరి 31కి పూర్తిచేసినవారికి ఇన్‌స్పైర్‌కు ఒక్క దరఖాస్తుకే సమయం మిగులుతుంది. మొదటి మెట్టులో నాలుగున్నరేళ్ల గడువు అంత గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

తొమ్మిదో మెట్టు: ఉద్యోగం

ఐఐటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్ 1కు పీహెచ్‌డీ తర్వాత 3 ఏళ్ల అనుభవం కావాలి, మూలవేతనం 1,01,500తో మొదలవుతుంది. యూజీసీ పరిధి యూనివర్సిటీల్లో ప్రవేశ స్థాయి మూలవేతనం 57,700. మన సబ్జెక్టుకు ప్రత్యేక విభాగాలు కొన్నే కనుక సైకాలజీ, హ్యుమానిటీస్, బయాలజీ, కంప్యూటర్ సైన్స్ ప్రకటనలన్నీ చూడాలి. చిక్కు ఇక్కడ వస్తుంది: పీజీ ఒక సబ్జెక్టులో, పీహెచ్‌డీ కాగ్నిటివ్ సైన్స్‌లో ఉంటే, స్క్రీనింగ్‌లో ‘సంబంధిత సబ్జెక్టు కాదు’ అని పక్కన పెట్టవచ్చు. చదివే రోజుల్లోనే సైకాలజీ నెట్ కూడా రాసి పెట్టుకోండి, మీ డిగ్రీ ఏ సబ్జెక్టుకు అనుబంధమో చెప్పే ఉత్తరం మీ యూనివర్సిటీ నుంచి ముందే తీసుకోండి.

పరిశోధన ప్రణాళికలో మొదటి రెండేళ్లు ఎంఆర్‌ఐ లేకుండా ఏం చేస్తారో చెప్పండి. ఎంపిక కమిటీలు వెతికేది అదే. ఆఫర్ వచ్చాక సంతకానికి ముందు సీడ్ గ్రాంట్ (ల్యాబ్ మొదలుపెట్టడానికి సంస్థ ఇచ్చే డబ్బు) మొత్తం, అది ఎన్నేళ్లలో ఖర్చుపెట్టాలి, మొదటి ఏడాది బోధన భారం ఎంత అన్నవి రాతలో తీసుకోండి. గది అడిగేటప్పుడు లిఫ్ట్ మోటారుకూ జనరేటర్‌కూ దూరంగా, విడి ఎర్తింగ్‌తో, లోపలే నీటి కుళాయితో అడగండి. యాంప్లిఫయర్ కొనుగోలుకు టెండర్, దిగుమతి, కస్టమ్స్ కలిపి తొమ్మిది నెలలు దాటవచ్చు కనుక ఇండెంట్ (కొనుగోలు అర్జీ) మీరు చేరిన మొదటి నెలలోనే పెట్టాలి. అందులో మూడు సైజుల క్యాప్‌లు, అదనపు ఎలక్ట్రోడ్ సెట్, రెండేళ్లకు సరిపడా జెల్, ఫోటోడయోడ్ ఒకే ఆర్డరులో రాయండి. విడిగా తెప్పిస్తే ప్రతిదానికీ మళ్లీ అదే టెండర్ దారి.